పెద్దకొట్టు పిడిదెబ్బ

పోయినవారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వని పాఠకులు కొందరుంటారు. వాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకు పోదాం. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మాంసం వీధికి వచ్చాక ఎవరికైనా వరసలో నిలబడక తప్పదు.

ఆ వీధిలో కొట్లు పన్నెండు, ధర మాత్రం ఒక్కటే. అలాగని కొట్లవాళ్ళు కూడబలుక్కుంటారా అంటే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. మీటింగుల్లేవు, కాగితాల్లేవు. పొద్దున్నే నేలలు కడుక్కుని షట్టర్లు ఎత్తే వేళకి పెద్దకొట్టాయన తన కత్తి తిరగేసి, పిడితో మాంసం మొద్దు మీద కొడతాడు. ఒక దెబ్బ పడితే కిలో మీద పది పెరిగినట్టు, రెండు పడితే ఇరవై. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. వినపడగానే అందరి చేతులూ సుద్దముక్కల మీదికి పోతాయి. ఏ దెబ్బా పడకపోతే నిన్నటి ధరే. కత్తిని పడుకోబెట్టి దాని వెడల్పాటి రేకుతో చరిస్తే తగ్గింపు అని కూడా ఒక ఏర్పాటు ఉంది గానీ, ఆ చరుపు విని ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. కొట్టు అంటే దుకాణమే కాదు, కొట్టడం కూడా కదా! ఆ వీధిలో దుకాణాలు అందరికీ ఉన్నాయి, కొట్టే హక్కు మాత్రం ఆయన ఒక్కడిదే.

అలాంటిది పోయినవారం రెండు దెబ్బలు పడ్డాయి. పదకొండు కొట్లూ కిమ్మనకుండా ఇరవై పెంచేశాయి. పెద్దకొట్టు మాత్రం పెంచలేదు. పెంచడానికి ఆయన కొట్టలేదు మరి! కత్తి పిడి వదులైతే, బిగించుకుందామని మొద్దు మీద రెండు పోట్లు వేసుకున్నాడు. అంతే.

సరిగ్గా ఆ పూటే ధరల ఆఫీసరమ్మ వీధిలోకి వచ్చింది. వ్యాపారులంతా ఒకటై జనం నెత్తిన చెయ్యి పెట్టకుండా చూడటం ఆవిడ ఉద్యోగం. పదకొండు బోర్డుల మీద ఒకే ధర, ఒక్క బోర్డు మీద తక్కువ ధర చూసి, పాపం, ఉన్న తెలివంతా వాడి ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ పదకొండుమందీ దొంగలు, పెద్దకొట్టాయన ఒక్కడే వాళ్ళతో కలవని నిజాయితీపరుడు! మళ్ళీ వచ్చి అందరినీ విడివిడిగా అడుగుతానని, కుట్ర తేలితే లైసెన్సులు రద్దు చేస్తానని చెప్పి వెళ్ళింది.

పిడి సంగతి కళ్ళారా చూసింది ఒక్క చిన్నకొట్టావిడే. పెద్దకొట్టాయనకి ఆవిడ స్వయానా తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక ఆ కొట్టు ఆవిడే నడుపుతోంది. రెండు కొట్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ, అందులో ఒక చిన్న తలుపు. రెండింటిలోనూ ఒకే చెట్టు మాను నుంచి కోసిన జంట మొద్దులు. ఆ పొద్దున చప్పుడు విని ఆవిడా బోర్డు మీద అంకె దిద్దేసింది. సుద్ద దులుపుకుని గోడవతలికి చూసేసరికి బావగారు కత్తి పిడిని అటూ ఇటూ ఊపి చూసుకుంటున్నాడు.

అక్కడికి ఆపాం.

ఆఫీసరమ్మ మళ్ళీ రావడానికి ముందురోజు మధ్యాహ్నం చిన్నకొట్టులో ఈగలు తోలుకోవడం తప్ప పనేమీ లేదు. పక్కన పెద్దకొట్టు ముందు మాత్రం వరస మెలికలు తిరిగింది. వీధి మొత్తంలో ఆయన దగ్గరే ఇరవై తక్కువ మరి! ధర దించుకుందామంటే మిగతా పదకొండుమందికీ చేతులు రావడం లేదు. చరుపు పడందే దించడం వాళ్ళకి అలవాటు లేదు. ఆఫీసరమ్మ కన్ను వీధి మీద ఉండగా చరిచేంత అమాయకుడు కాదు పెద్దకొట్టాయన. వదులైన పిడి పుణ్యమా అని వీధి బేరమంతా తన గల్లాలో పడుతుంటే ఆయనకి తొందర మాత్రం ఎందుకుంటుంది?

హాస్టలు వంటావిడ చేతిసంచీ మొద్దు పక్కన పెట్టి, "ఎముకలు ఇవ్వమ్మా. సూపుకి" అంది.

చిన్నకొట్టావిడ తెల్లబోయింది. ఈ మనిషి వచ్చిందంటే గొర్రెలో సగం తూచాల్సి వచ్చేది ఒకప్పుడు. "మాంసం వద్దా పిన్నిగారూ? బావగారి కొట్టులో పాత ధరే ఉందిగా, అక్కడ తీసుకోకపోయారా?"

"పాత ధరకి మాత్రం కొనగలిగి చచ్చామా? ఏడాదిగా మీరు టకటకా పెంచుకుంటూ పోతున్నారు, మా వార్డెను వారంలో రెండు పూటలున్నది ఒక పూట చేసింది. ఇప్పుడు ఆ పూటా సూపేనట. పిల్లలకి వాసన చూపిస్తే చాలని కాబోలు! నీ దగ్గరికి ఎందుకొచ్చానంటే, ఎముకకి నువ్వు కాస్త కండ వదుల్తావు."

చిన్నకొట్టావిడ తల వంచుకుని ఎముకలు ఏరింది. ఉన్నవాటిలో ఎక్కువ కండ ఉన్నవే ఏరింది.

"ఒక మాట చెప్పనా? కోప్పడకు. ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది నేనే" అంది వంటావిడ గొంతు తగ్గించి. "పన్నెండు కొట్లున్నాయి గదా, ఎక్కడో ఓ చోట నాలుగు డబ్బులు తగ్గకపోతాయా అని మోకాళ్ళు పట్టేసేదాకా తిరిగేదాన్ని. ఎక్కడికెళ్ళినా అదే అంకె! ఒకే కొట్టుకి పన్నెండు గుమ్మాలు పెట్టుకున్నట్టుంది మీ వ్యవహారం."

"నాతో ఒక్క మాట అనకపోయారా?"

"అంటే తగ్గించేదానివా?"

చిన్నకొట్టావిడ పొట్లం కట్టి చేతికిచ్చి, వంటావిడ కుంటుకుంటూ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. తగ్గించేది కాదు. అదే నిజం. ఆ నిజం తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం బేరాలయ్యాక నేల కడుగుతుంటే నడుమ తలుపు కిర్రుమంది. పెద్దకొట్టాయన వచ్చి, తడి లేని చోటు చూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మనిషి ఎప్పుడూ గొంతు పెంచడు. తమ్ముడు పోయిన నెలలో మరదలి చేతికి కత్తి ఇచ్చి, కీలు ఎక్కడ తెగుతుందో వేలు పెట్టి చూపించింది ఆయనే. ఆ కృతజ్ఞత ఆవిడకి ఇప్పటికీ ఉంది. అందుకే ఆయన ఎదురుగా కూర్చోదు.

"రేపు ఆఫీసరమ్మ వస్తుందటమ్మా."

"తెలుసు బావగారూ. మీరే చెప్పేస్తే సరిపోతుందేమో. పిడి వదులైంది, వీళ్ళు పొరబడ్డారు అని."

ఆయన నవ్వాడు. "పిడి బిగించుకుంటే పదకొండు కొట్లలో ధర ఎందుకు పెరిగిందండీ అని అడగదూ? అప్పుడు మొదటినుంచీ చెప్పాలి. నా కొట్టుతో సహా అన్నీ మూయాలి." చేతులు తుడుచుకుని తువ్వాలుని మడతలు పెట్టాడు. "దారి ఆలోచించాను. ఎదురుకొట్టు కళ్ళజోడు ఉన్నాడుగా, ముందురోజు సాయంత్రం అతను కొట్టు కొట్టుకీ తిరిగి రేపు ఇరవై పెంచండని చెప్పాడందాం. అతని మాట కాదనలేక పెంచాం. అందరూ ఇదే మాట మీద ఉంటారు. కుట్ర చేసినవాడు ఒక్కడు తేలితే, తప్పు ఒప్పుకున్నవాళ్ళని మందలించి వదిలేస్తారట. కనుక్కున్నాను."

చిన్నకొట్టావిడ చేతిలో చీపురు ఆగిపోయింది. కళ్ళజోడాయన నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం తప్ప ఇంకోటి తెలియదు. "ఆయన కొట్టు పోతుంది కదండీ!"

"ఒక్కటే పోతుంది."

"ఆయన మనకేం చేశాడని?"

"అమ్మాయ్, ధరలు తెగ్గోసుకుంటే ఏమవుతుందో నువ్వు చూళ్ళేదు. నేను చూశాను." ఆయన గొంతులో మొదటిసారి కాస్త వేడి వచ్చింది. "మా నాన్న రోజుల్లో ఇదే వీధిలో ఒకణ్ణి చూసి ఒకడు తగ్గించుకుంటూ పోయి, సగం కొట్లకి తాళాలు పడ్డాయి. మిగిలినవాళ్ళు ఆ తర్వాత ఎంతంటే అంత! ఆ గతి మళ్ళీ రాకూడదనే ఈ దెబ్బ పెట్టాను. నా దెబ్బ మీద పన్నెండు కుటుంబాలు అన్నం తింటున్నాయి."

"తింటున్నాం, నిజమే. కానీ ఇప్పుడు మాత్రం మీరు ఎంతంటే అంతే కదా బావగారూ?"

పెద్దకొట్టాయన తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"నువ్వు కూడా మా తమ్ముడిలాగే మాట్లాడుతున్నావు. వాడూ సొంత ధర అనే కదా మొదలుపెట్టాడు! వారానికి గానీ దారికి రాలేదు. ఆ కళ్ళజోడు గాడు దొంగచాటుగా సగం గొర్రె తెచ్చి వాడి మొద్దు మీద పెట్టకపోతే రెండు రోజుల్లోనే వచ్చేవాడు. అప్పట్నుంచీ చూస్తున్నాను ఆ కళ్ళజోడుని..."

అక్కడ ఆగాడు. మాట నోరు జారిందని ఆయనకీ తెలిసింది.

చిన్నకొట్టావిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో చీపురు గోడకి ఆనించింది.

ఆ వారం ఆవిడ మరిచిపోయే వారమా! పెళ్ళయిన కొత్తలో మొగుడు ఒక పొద్దున బోర్డు మీద తన ఇష్టం వచ్చిన ధర రాశాడు. పదిహేను తక్కువ. "మనకి అద్దె లేదు, పనివాళ్ళు లేరు, ఈ ధరకి గిట్టుబాటవుతుంది" అని లెక్క చెప్పి నవ్వాడు. మర్నాటి నుంచి కబేళా బండి రాలేదు. వెళ్ళి అడిగితే సరుకు లేదన్నారు. ఒక రోజు కాదు, వారం! ఎవరి ఉసురు తగిలిందో, తన చేతి రాత ఇంతేనేమో అని ఖాళీ మొద్దు మీద తల ఆనించుకుని కూర్చునేవాడు. రోజూ సాయంత్రం ఇదే తలుపు తోసుకుని వచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది ఈ అన్నగారే. ఆ తర్వాత పోయేదాకా మొగుడు తన చేత్తో సొంత అంకె రాయలేదు. తనది దురదృష్టజాతకం అనుకుంటూనే పోయాడు.

"కబేళా వాళ్ళని ఆపించింది మీరా?"

పెద్దకొట్టాయన లేచి నిలబడ్డాడు. "వాడి మంచికే ఆపించాను."

"ఆయనకి తెలియదు."

"తెలిసి ఏం చేసేవాడమ్మా?"

ఆ మాటకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక చీపురు తీసుకుని నేల మీద నీళ్ళని గట్టిగా తోసింది. ఆ నీళ్ళు ఆయన చెప్పుల మీదికి పోయాయి.

"నేను చెప్పను. కళ్ళజోడాయన పేరు నా నోట రాదు. ఉన్నదున్నట్టు చెప్తాను" అంది.

"చెప్పు. ఎవరు నమ్ముతారు?" ఆయన తలుపు దగ్గర ఆగి, చాలా నెమ్మదిగా అన్నాడు. "ఎవరు ఎవరితో మాట్లాడారు? ఎవరు సంతకం పెట్టారు? ఆ ఆఫీసరమ్మ దృష్టిలో నేను సత్యహరిశ్చంద్రుణ్ణి. నువ్వు ఇరవై పెంచినదానివి. మొద్దు మాట్లాడింది మేడం అని చెప్తావా? పిచ్చిదనుకుంటుంది."

తలుపు మళ్ళీ కిర్రుమంది.

చిన్నకొట్టావిడ తడి నేల మీదే చతికిలబడింది. ఎంత ఆలోచించినా ఆయన చెప్పిందాంట్లో అబద్ధం కనపడలేదు. ఎవరు నమ్ముతారు? చూపించడానికి ఏముంది? ఎదురుగా మొద్దు ఉంది. దాని మీద, మొగుడు తల ఆనించుకున్న చోటే, రోజూ తను ఎముకలు కొడుతోంది.

మర్నాడు ఆఫీసరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచీ. అందరూ ఎవరి కొట్లో వాళ్ళు ఉండాలని చెప్పి, తిన్నగా పెద్దకొట్టు ముందుకే నడిచింది. అప్పటికే అక్కడ వరస నిలబడి ఉంది. వంటావిడ కూడా వచ్చి, ఏం జరుగుతుందో చూద్దామని దీపస్తంభానికి ఆనుకుని నిలబడింది.

"వీధంతా ఒక దారిన పోతుంటే మీరు ఒక్కరూ సొంత ధర మీద నిలబడ్డారు. మీలాంటివాళ్ళని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి. మీ మాట దగ్గరే మొదలుపెడతాను" అంది ఆఫీసరమ్మ, వరసలో వాళ్ళందరికీ వినపడేలా.

"నాదేముందమ్మా. కొనేవాడు చల్లగా ఉంటే చాలు" అన్నాడు పెద్దకొట్టాయన. వినయం అంటే అదీ!

గోడకి ఇవతల చిన్నకొట్టావిడ భయంభయంగా వింటోంది. రోడ్డుకి అవతల కళ్ళజోడాయన తన నెత్తి మీదికి ఏం రాబోతోందో తెలియక, కళ్ళజోడు తుడుచుకుని, ఆవిడ వంక చూసి భయపడకు అన్నట్టు తల ఊపాడు. తనకి ధైర్యం చెప్తున్నాడు, ఈ మనిషి! అప్పటిదాకా ఆవిడకి ఉన్న భయం అక్కడితో పోయిందని చెప్పను గానీ, భయం ఉండగానే చెయ్యి లేచింది.

కత్తి తీసింది. పడుకోబెట్టి పట్టుకుంది. రేకుతో మొద్దు మీద చరిచింది.

ఫట్.

వీధిలో మాటలు ఆగాయి. ఆ చప్పుడు అక్కడ ఎన్నేళ్ళుగానో వినపడలేదు. ఒకే మాను మొద్దులు గనక పెద్దకొట్టులో మోగిందో చిన్నకొట్టులో మోగిందో దూరంగా ఉన్నవాళ్ళెవరికీ తెలియదు.

ఫట్. ఫట్.

మూడు చరుపులు, అంటే ముప్ఫై తగ్గింపు. ఆఫీసరమ్మ ముందు మంచిపేరు కొట్టేద్దామని పెద్దాయన వేసిన ఎత్తు కాబోలనుకున్నారు అందరూ. ముందు మలుపులో ఉన్న కొట్టువాడు తడిగుడ్డ అందుకున్నాడు. తర్వాత అతని పక్కవాడు. తర్వాత కళ్ళజోడాయన, పాపం, సుద్దముక్క కింద పడేసుకుని వెతుక్కుని మరీ. వరసగా ఒక్కొక్క బోర్డూ తుడుచుకుపోయింది, ఒక్కొక్క బోర్డు మీదా ఒకటే కొత్త అంకె వెలిసింది. ఒకడు ఇంకొకడి వంక చూడలేదు, ఒక్క మాట అనుకోలేదు. పెద్దకొట్టు వరసలో చివరివాళ్ళు తలలు తిప్పి, పది తక్కువ కనపడేసరికి ఎదురువైపు కదిలారు. వంటావిడ ముక్కున వేలేసుకుంది.

ఆఫీసరమ్మ మాత్రం కదలలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా బోర్డులన్నీ ఒకసారి చూసింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది.

"చరిచింది నేనా?" వరస చెదిరిపోతుంటే పెద్దకొట్టాయన ఒళ్ళు తెలియని కోపంతో అరిచాడు. ఆయన గొంతు పెంచగా వినడం ఆ వీధికి అదే మొదలు. "నేను చరవలేదే! నేను చరవకుండా ఎవడు తగ్గించమన్నాడు మిమ్మల్ని?"

ఆఫీసరమ్మ నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. "మీరు చరిస్తే తగ్గిస్తారా అండీ వీళ్ళు?"

పెద్దకొట్టాయన తువ్వాలు అందుకున్నాడు. మనిషి గట్టివాడు. తువ్వాలుతో మొహం తుడుచుకునేలోగా ఎప్పటి నవ్వు మళ్ళీ వచ్చేసింది. "అబ్బే, మా వీధి పరాచికాలమ్మా ఇవి. కావాలంటే మా మరదల్ని అడగండి. మా ఇంటి మనిషి, అబద్ధం చెప్పదు."

ఆఫీసరమ్మ వచ్చి చిన్నకొట్టు గుమ్మంలో నిలబడింది. ఆవిడ భుజం మీదుగా బావగారు మరదలి కళ్ళలోకి చూశాడు. ఎంతో ఆప్యాయంగా, ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి అర్థం కాకుండా ఒక మాట అన్నాడు.

"నిదానంగా ఆలోచించుకుని చెప్పమ్మా. వారం అంటే చాలా పొడుగు."

చిన్నకొట్టావిడ కత్తిని మొద్దు మీద పెట్టింది. తన బోర్డు ఒక్కటే ఇంకా తుడవలేదని అప్పుడు చూసుకుంది. తడిగుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచింది. సుద్దముక్క పట్టుకుని, వీధిలో ఏ బోర్డు మీదా లేని ఒక అంకె రాసింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు చెప్పిన లెక్క ప్రకారం, అద్దె లేదు, పనివాళ్ళు లేరు అనుకుంటూ.

"తెలుసు బావగారూ" అంది. "మీ తమ్ముడితో కలిసి అలాంటి వారం ఒకసారి గడిపాను."

ఆఫీసరమ్మకి స్టూలు జరిపి, తనూ ఎదురుగా కూర్చుంది.